గుండె లయ తప్పినప్పుడు

(కొండగట్టు ప్రాంత సంఘముల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



గుండె జబ్బు అనగానే రొమ్ములో నొప్పి, మూసుకొనిపోయిన రక్తనాళములు, పెద్ద ఆపరేషను, ఇవే మనకు జ్ఞాపకము వచ్చును. కాని గుండెకు నాళములే గాక ఒక లయ కూడ ఉన్నది. ఆ లయ తప్పిన వారు మా వద్దకు వచ్చి చెప్పే మాట సాధారణముగా ఒక్కటే: "అయ్యా, గుండె దడ". వారిలో ఒకరికి మేము ఏ మందూ ఇవ్వక ఇంటికి పంపిస్తాము. మరొకరికి చిన్న మాత్ర ఇచ్చి, జీవితాంతము మానవద్దని చెబుతాము. ఇంకొకరికి రొమ్ములో యంత్రము అమర్చవలెనంటాము. "ముగ్గురిదీ దడే గదా, ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరు ఎందుకు?" అని ఊరివారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఈ దినము దానికే జవాబు చెప్పవలెనని మా కోరిక.

గుండెలో నాలుగు గదులున్నవి. పైన రెండు, క్రింద రెండు. కుడి పై గదిలో ఒక చిన్న కండరపు ముద్ద తనంతట తానే విద్యుత్తును పుట్టించుచుండును. 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అను ఇద్దరు దీనిని కనుగొన్నారు. అక్కడ పుట్టిన విద్యుత్తు పై గదులను ముడిపించి, నడుమ నున్న కూడలిలో ఒక్క క్షణము ఆగి, క్రింది గదులలోనికి దిగును. ఆ క్షణపు ఆలస్యములోనే పై గదులలోని రక్తము క్రిందికి చేరుకొనును. పెద్దవారిలో విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషమునకు 60 నుండి 100 సార్లు, దినమునకు సుమారు లక్ష సార్లు ఈ పని జరుగుచున్నది.

అయితే వేగముగా కొట్టుకున్న ప్రతి గుండె జబ్బు గుండె కాదు. మన కొండగట్టు మెట్లెక్కిన వారెవరికైనను పైకి చేరునప్పటికి గుండె గబగబ కొట్టుకొనును. జ్వరము వచ్చినప్పుడు, భయపడినప్పుడు, ఒంట్లో రక్తము తక్కువైనప్పుడు, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినప్పుడు కూడ అంతే. ఇక్కడ గుండె తన యజమాని పనిని చేయుచున్నది. దానిని మందుతో అణచిన యెడల అసలు కారణము దాగిపోవును. రక్తహీనత గల తల్లికి ఇనుము మాత్రలు కావలెను గాని గుండె మాత్రలు కావు.

కాబట్టి దడ అని వచ్చిన వారిని చూడగానే మేము మందుల చీటి వ్రాయము. నాలుగు ప్రశ్నలు వేసుకొంటాము.

మొదటి ప్రశ్న: ఈ క్షణమున ప్రాణాపాయమున్నదా? దడతో పాటు సొమ్మసిల్లి పడిపోయినా, చెమటలు పట్టి రక్తపు పోటు పడిపోయినా, రొమ్ములో నొప్పి వచ్చినా, ఊపిరాడకపోయినా ఇక ఆలోచించుటకు వ్యవధి లేదు. అట్టివారికి విద్యుత్తు షాకు ఇచ్చి లయను సరిచేయవలసి రావచ్చును. మిగిలిన ప్రశ్నలు ఆ తరువాత.

రెండవ ప్రశ్న: ఆ లయ కాగితము మీద దొరికినదా? డచ్చి దేశపు వైద్యుడు విల్లెం ఐంతోవెన్ గుండె విద్యుత్తును గీతలుగా చూపు యంత్రమును నిర్మించి 1924లో నోబెల్ బహుమానము పొందెను. ఆ మొదటి యంత్రము ఒక గదిని నింపేది. నడుపుటకు అయిదుగురు మనుష్యులు కావలసి వచ్చేది. ఈనాడు అదే పనిని సంచిలో పట్టే పెట్టె చేయుచున్నది. కాని చిక్కు ఏమనగా, దడ అరగంట ఉండి పోవును. మనిషి బస్సెక్కి కరీంనగర్ చేరునప్పటికి గుండె మామూలుగా కొట్టుకొనుచుండును. ఇ.సి.జి. తీసి "ఏమీ లేదు" అంటారు. ఏమీ లేకపోవుట కాదది; దొంగ వెళ్ళిపోయిన తరువాత ఇల్లు వెదకుట వంటిది. కాబట్టి దడ ఉన్నప్పుడే దగ్గరలోని ఆసుపత్రిలో ఇ.సి.జి. తీయించుకొనవలెను. ఒక్కసారి అట్లు దొరికిన కాగితము, ఏమీ లేనప్పుడు తీసిన పది కాగితములకన్న మాకు విలువైనది. దానిని జిరాక్సు తీయించి దాచుకొనండి. ఆ మెరుపు కాగితము మీది గీతలు కొన్నాళ్ళకు మాసిపోవును. దడ అరుదుగా వచ్చువారికి ఒక దినమో, వారమో ఒంటికి కట్టి ఉంచే యంత్రములున్నవి. ఇ.సి.జి. తీయగల చేతి గడియారములు కూడ ఇప్పుడు వచ్చినవి.

మూడవ ప్రశ్న: ఈ లయ వెనుక ఏమున్నది? ఇదే మా పనిలో ముఖ్యమైన ప్రశ్న. దీనికి మన రాష్ట్రములోనే జరిగిన నిదర్శనమొకటి చెప్పెదము. క్రింది గదులలో పుట్టే ప్రమాదకరమైన దడతో కొందరు హైదరాబాదులోని కేర్ ఆసుపత్రికి వచ్చిరి. వారి గుండె బలముగానే ఉన్నది. కారణము మాత్రము అంతుబట్టలేదు. అక్కడి లయ వైద్య నిపుణులు డాక్టరు సి. నరసింహన్, వారి సహచరులు అంతటితో ఊరుకొనక రొమ్మును స్కాను చేయించిరి. ఊపిరితిత్తుల నడుమ నున్న బిళ్ళలు వాచి కనబడినవి. వాటి ముక్కను తీసి పరీక్షించగా కొందరిలో క్షయ, మరికొందరిలో సార్కాయిడోసిస్ అను వ్యాధి బయటపడినది. అదే వ్యాధి గుండె కండరములోనికి ప్రాకి లయను చెరుపుచున్నది. క్షయ ఉన్నవారికి క్షయ మందులు, మిగిలిన వారికి స్టీరాయిడ్ మందులు ఇవ్వగా పలువురిలో దడ అదుపులోనికి వచ్చినది. ఈ సంగతి 2011లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ పత్రికలో ప్రచురింపబడినది. మన ప్రాంతములో క్షయ ఎంత పాత శత్రువో మీకు తెలియును. దగ్గుగా వచ్చే ఆ వ్యాధి గుండె దడగా కూడ రాగలదని ఎందరు తలంచెదరు? దడను మాత్రమే చూచిన వైద్యుడు దడ మందు ఇచ్చి పంపును. దడ వెనుకకు చూచిన వైద్యుడు రోగమును పట్టుకొనును.

నాలుగవ ప్రశ్న: మేము ఇచ్చు చికిత్స మనిషికి మేలు చేయునా, లేక కాగితమునకు మాత్రమే మేలు చేయునా? ఈ ప్రశ్న నేర్పినది ఒక విషాదకరమైన అనుభవము. గుండెపోటు వచ్చిన వారిలో అదనపు కొట్టుకొనుటలు కనబడినచో వారికి ఆకస్మిక మరణము వచ్చే అవకాశమెక్కువ. అందుచేత ఆ అదనపు దెబ్బలను మందులతో ఆపినచో ప్రాణములు దక్కునని ఒకప్పుడు ప్రపంచమంతట వైద్యులు నమ్మిరి. అమెరికాలో దీనిని పరీక్షించిరి. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అను మందులు ఇ.సి.జి.ని చక్కగా చేసినవి. కాని 1991లో వెలువడిన ఫలితములలో మందు పుచ్చుకొన్న 755 మందిలో 63 మంది, ఉత్తుత్తి మాత్ర పుచ్చుకొన్న 743 మందిలో 26 మంది మరణించినట్లు తేలినది. గీత అందముగా ఉన్నది, మనిషి లేడు! అప్పటినుండి లయ మందు వ్రాయుటకు ముందు వైద్యులు రెండుసార్లు ఆలోచించుచున్నారు. ఆరోగ్యమైన గుండెలో అప్పుడప్పుడు ఒక దెబ్బ తప్పినట్లు తోచిన వారికి మేము పరీక్షలు చేసి, "భయము లేదు, టీ, పొగాకు, సారాయి తగ్గించి నిద్ర పొండి" అని పంపుట నిర్లక్ష్యము కాదు. అదియు చికిత్సయే.

ఇప్పుడు మన పల్లెలలో అన్నిటికన్న ఎక్కువ నష్టము చేయుచున్న లయ దోషమును గూర్చి మనవి చేస్తాము. చిన్నతనములో, ముఖ్యముగా 5 నుండి 15 ఏండ్ల వయస్సులో, గొంతునొప్పి వచ్చి, దాని వెనుక కీళ్ళవాతపు జ్వరము వచ్చిన పిల్లలలో గుండె కవాటములు చెడిపోవును. మోకాళ్ళు వాచిన సంగతి ఇంట్లో మరచిపోతారు. ఇరవై, ముప్పై ఏండ్లు వచ్చునప్పటికి ఎడమ కవాటము ఇరుకై, పై గది ఉబ్బి, దానిలో లయ పూర్తిగా చెదరిపోవును. దీనినే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అందురు. పై గది ముడుచుకొనుట మాని వణకుచుండును. నాడి పట్టి చూచిన ఒక దెబ్బకు ఒక దెబ్బకు పొంతన ఉండదు. వణకే గదిలో రక్తము నిలిచి గడ్డకట్టును. ఆ గడ్డ మెదడుకు పోయినచో పక్షవాతము. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణములో జరిగిన పరిశోధన 1978లో చూపినదేమనగా, మామూలు ఫిబ్రిలేషనులో పక్షవాతపు ముప్పు 5 రెట్లు పెరుగగా, కీళ్ళవాతపు కవాటము గలవారిలో 17 రెట్లు పెరుగును.

ఇంటిలో బీడీలు చుట్టి పిల్లలను చదివించే తల్లి ఒకనాటి ఉదయము చెయ్యి పడిపోయి, మాట పడిపోయి మంచములో ఉండుటను మేము పలుమార్లు చూచితిమి. ఆమెకు దడ ఎన్నో నెలలనుండి ఉన్నది. "బలహీనత" అని టానిక్కు త్రాగించిరి. ఒక్కరైన ఆమె నాడిని నిమిషము పాటు పట్టి చూచినచో ఆ చెయ్యి నిలిచేదేమో.

ఈ గడ్డను ఆపే మందు వార్ఫరిన్. దీని కథ రైతులకు నచ్చును. 1920లలో ఉత్తర అమెరికాలో బూజు పట్టిన మేత తిన్న పశువులు రక్తము కారి చచ్చెను. ఆ మేతలోని పదార్థమును విస్కాన్సిన్‌లో కార్ల్ లింక్ అను శాస్త్రజ్ఞుడు, ఆయన శిష్యులు వేరుచేసిరి. దాని నుండి పుట్టిన వార్ఫరిన్ మొదట ఎలుకల మందుగా అమ్మబడి, 1954 నుండి మనుష్యులకు మందైనది. చంపే మోతాదుకు, కాపాడే మోతాదుకు నడుమ దారి సన్నగా ఉండుటచేత ఐ.ఎన్.ఆర్. అను రక్త పరీక్ష మానరాదు. ఫిబ్రిలేషనులో అది సాధారణముగా 2కు 3కు నడుమ ఉండవలెను. మార్చిన కవాటము గలవారికి ఎంత ఉండవలెనో వైద్యుడు చెప్పును.

పరీక్ష అక్కరలేని కొత్త మందులు వచ్చినవి గదా అని మీరడుగవచ్చును. ఇతర కారణముల వలన ఫిబ్రిలేషను వచ్చిన వారిలో పెక్కుమందికి అవి మంచివే. కాని కీళ్ళవాతపు గుండె గలవారి మీద 24 దేశములలో 4,500 మందికి పైగా రోగులతో జరిగి 2022లో వెలువడిన ఇన్విక్టస్ అను పరిశోధనలో, కొత్త మందైన రివరోక్సబాన్ కన్న వార్ఫరిన్ జాతి పాత మందులు పుచ్చుకొన్నవారిలోనే మరణములు తక్కువగా ఉన్నవి. కనుక ఖరీదైనదే మేలనుకొనకండి. మందు మార్చవలెనన్న మీ వైద్యుని అడిగి మార్చండి.

వార్ఫరిన్ వాడువారు కొన్ని సంగతులు గుర్తుంచుకొనవలెను. పాలకూర, తోటకూర, మునగాకు వంటి ఆకుకూరలలో ఉండు విటమిన్ 'కె' ఈ మందుకు ఎదురు నిలుచును. కూర మానవలసిన పని లేదు. వారము వారము ఇంచుమించు ఒకే పాళ్ళలో తినవలెను. ఒళ్ళునొప్పులకని మాత్రలు, ఇంజెక్షన్లు ఎవరిచ్చినను పుచ్చుకొనరాదు; రక్తస్రావము కలుగును. గర్భము ధరించదలచిన సహోదరి ముందుగానే వైద్యునికి చెప్పవలెను. ఈ మందు కడుపులోని బిడ్డకు హాని చేయగలదు. దుబాయి, మస్కటు పోవు మన యువకులు కవాటపు ఆపరేషను అయినవారైతే, వీసా కాగితముల ప్రక్కన మందుల చీటీ, చివరి ఐ.ఎన్.ఆర్. కాగితము పెట్టుకొని, అక్కడ పరీక్ష ఎక్కడ చేయించుకొనవలెనో ఇక్కడే తెలిసికొని బయలుదేరవలెను. అక్కడ సెలవు దొరకదని మందు మానినవాడు రెండు కుటుంబములను ఆపదలో పెట్టును.

మరొక సంగతి సంకోచముతోనే చెప్పుచున్నాము. మనిషి ఉన్నట్టుండి పడిపోయి, క్షణములలో లేచినచో గాలి సోకినదని, ఫిట్సు అని అనుకొనుట మన ప్రాంతములో ఉన్నది. ఫిట్సు కావచ్చును. కాని గుండె విద్యుత్తు క్రింది గదులకు దిగక కొన్ని క్షణములు ఆగిపోయినను మనిషి అట్లే పడును, కాళ్ళు చేతులు కొట్టుకొనును. ముఖము తెల్లబారి పడి, నిమిషములోగా తెలివి వచ్చి మామూలుగా మాట్లాడినచో గుండెను అనుమానించవలెను. పరుగెత్తునప్పుడు పడిన పిల్లవానికి, చిన్న వయస్సులో ఆకస్మిక మరణము జరిగిన కుటుంబములోని వారికి ఇ.సి.జి. తప్పదు. ఏ గుడికి పోయినను, ఏ ప్రార్థనకు పోయినను మేము కాదనము. ప్రార్థించండి, మేమును ప్రార్థించెదము. కాని ఇ.సి.జి. తీయించుకొని పొండి. ప్రార్థన తరువాత ఒళ్ళు తేలికైనదని మాత్ర మానకండి. గడ్డ కట్టుట మనకు తెలియకుండ జరుగును.

ఇక యంత్రముల మాట. గుండె మరీ నెమ్మదించి, మనిషి పడిపోవుచున్న యెడల పేస్‌మేకర్ అమర్చెదము. దీనిని మొదట 1958 అక్టోబరు 8న స్వీడనులో ఆర్నె లార్సన్ అను రోగికి అమర్చిరి. ఆ మొదటి యంత్రము కొన్ని గంటలే పనిచేసినది. మరల మరల మార్చుచు ఇరవైకి పైగా యంత్రములతో ఆయన 2001 వరకు జీవించెను. ఆయనకు చికిత్స చేసిన శస్త్రవైద్యుడు, యంత్రమును చేసిన ఇంజనీరు, ఇద్దరును మరణించిన తరువాత కూడ ఆయన బ్రదికి యుండెను. ప్రమాదకరమైన దడను తానే గుర్తించి లోపలనే షాకు ఇచ్చు ఐ.సి.డి. యంత్రమును 1980లో మొదట మనిషికి అమర్చిరి. "ఒంట్లో కరెంటు పెట్టుకొని పొలములో ఎట్లా తిరుగుట?" అని భయపడువారికి మా మాట: ఇంటి పనులు, వ్యవసాయము చేసికొనవచ్చును. వెల్డింగు వంటి యంత్రములకు దూరముగా ఉండి, సెల్‌ఫోను రెండవ ప్రక్క జేబులో పెట్టుకొని, యంత్రపు కార్డు వెంట ఉంచుకొనవలెను.

పుట్టుకతోనే గుండెలో అదనపు తీగె వంటి దారి ఉండి, ఒక్కసారిగా నిమిషమునకు 180, 200 సార్లు కొట్టుకొను దడ మరొకటి కలదు. పడుచువారిలో ఎక్కువ. ఇట్టి దడకు తొడ నరము గుండా సన్నని గొట్టమును పంపి, ఆ దారిని వేడితో మూసివేయుదురు. దీనిని ఎబ్లేషన్ అందురు. చాలమందిలో ఒకే సారితో నయమగును. జీవితాంతము మాత్రలు అక్కరలేదు. ఖర్చు గూర్చి విచారించువారు ఆరోగ్యశ్రీ సహాయకులను అడుగవలెను. 2007లో ఉమ్మడి రాష్ట్రములో ఆరంభమైన ఆ పథకపు పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచిరి.

చివరగా సంఘముగా మనము చేయగలవి కొన్ని ఉన్నవి. ప్రతి ఇంటిలో ఒకరైన నాడి చూచుట నేర్చుకొనవలెను. బొటనవ్రేలి క్రింద మణికట్టు మీద మూడు వ్రేళ్ళుంచి, పూర్తిగా 60 క్షణములు లెక్కించండి. ఎంత అన్నదే గాక, సమముగా ఉన్నదా లేదా అన్నది చూడండి. సమముగా లేనిచో ఇ.సి.జి. తీయించండి. పిల్లలకు జ్వరముతో కీళ్ళు వాచినచో మందు రాసి ఊరుకొనక గుండెను పరీక్షింపజేయండి. మూడు వారములకొకసారి పెన్సిలిన్ సూది వ్రాసిన యెడల వైద్యుడు చాలుననువరకు మానవద్దు. ముఖము ఒక ప్రక్కకు వంగినా, చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోను చేయండి. గడ్డను కరిగించు మందు మొదటి నాలుగున్నర గంటలలోనే పనిచేయును. కళ్ళెదుట మనిషి కూలి, పిలిచిన పలుకక, ఊపిరి తీయనిచో నీళ్ళు చల్లుచు నిలువవద్దు. ఒకరు 108కి చెప్పండి; మరొకరు రొమ్ము నడుమ రెండు అరచేతులు ఒకదానిమీద ఒకటి ఉంచి, రెండంగుళముల లోతుగా, నిమిషమునకు 100 నుండి 120 సార్లు నొక్కుచు సహాయము వచ్చువరకు ఆపవద్దు. మన యౌవన సంఘములు ఒక్క పూట కూర్చుండి నేర్చుకొనదగిన విద్య ఇది.

కొండగట్టునుండి హైదరాబాదు దాదాపు 200 కిలోమీటర్లు. పెద్ద యంత్రములన్నియు అక్కడనే ఉండవచ్చును. కాని నాడి మీది మూడు వ్రేళ్ళు, దడ సమయపు ఇ.సి.జి. కాగితము, మానకుండ వేసికొన్న మాత్ర, ఈ మూడును మన ఊరిలోనే ఉన్నవి. మా వద్దకు ఆలస్యముగా చేరినవారిలో ఎక్కువమందికి కొరవడినవి ఇవే. మీ ప్రక్కన కూర్చున్న పెద్దవారి చెయ్యి పట్టుకొని, ఇంటికి పోకమునుపే ఒక్క నిమిషము లెక్కించండి.